పిల్లల వార్డు గోడ మీద దున్నపోతు

ఉద్యోగంలో నేను వాడిన రంగు ఎక్కువగా తెలుపే. బెంగాల్లో, ఖిదిర్‌పూర్ రేవు దగ్గర ఒక ధర్మాసుపత్రిలో పెయింటరుగా చేరి, జుట్టు కూడా అదే రంగుకి తెచ్చుకుని అక్కడే రిటైరయ్యాను. మంచాలకు తెలుపు, కిటికీలకు తెలుపు, మందుల బీరువాలకు తెలుపు. తలుపుల మీద అంకెలు రాసేటప్పుడు మాత్రం నలుపు. ఆసుపత్రికి సొంతంగా ఒక పెయింటరు ఎందుకని మీరు అడగవచ్చు. రోగులు మంచం చువ్వల్ని గోళ్ళతో గీకుతారు. నొప్పి పడేవాడి చేతికి ఏదో ఒక పని కావాలి. వాళ్ళు గీకినదంతా నేను మళ్ళీ పూసేవాణ్ణి. అలా ఇద్దరికీ కాలం గడిచిపోయేది.

మన తెలుగు సంఘం కుర్రాళ్ళు వచ్చి, మీ ఉద్యోగం గురించి ఏదైనా రాయండి తాతగారూ అన్నప్పుడు, సున్నం గురించి రాయడానికేముందర్రా అని పంపేశాను. వాళ్ళు వెళ్ళాక పిల్లల వార్డు సంగతి గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఆ రోజు మాత్రం నవ్వలేదు. మీలో కొందరికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదని నాకు తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే చదివించుకుని వినండి. వాళ్ళకీ కాలక్షేపంగా ఉంటుంది.

పిల్లల వార్డుని చూసే సిస్టరమ్మది గోదావరి వైపు. మా ఇద్దరిదీ ఒకే చర్చి. మనిషి కోపిష్ఠి గాని, ఆ కోపమంతా పిల్లలకి సరిగ్గా జరగనప్పుడే. ఒకరోజు నేను కిటికీకి రంగు వేస్తుంటే వెనక నిలబడి అంది.

"బ్రదర్, ఈ పిల్లలు రోజంతా మీ తెలుపు చూసి చూసి ఏడుస్తున్నారండి. ఏమైనా బొమ్మలు వేయకూడదూ?"

"సూదులు సూసి ఏడుస్తన్నారనుకున్నానమ్మా" అన్నాను.

"సూది ఒక్క నిమిషమే కదండీ. గోడ పొద్దస్తమానం ఎదురుగా ఉంటుంది."

ఆ మాట నిజమే. కాని బొమ్మలు వేయడం నాకు రాదు. అంకెలు వచ్చు, బాణం గుర్తులు వచ్చు, 'నిశ్శబ్దం' అని మూడు భాషల్లో రాయడం వచ్చు. ఆలోచించగా ఒకే ఒక పుస్తకం గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మా నాన్న రేవులో కూలి. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పినందుకు నాకు ఒక బొమ్మల పుస్తకం బహుమతిగా ఇచ్చారు. ఎవరో దానంగా ఇచ్చిన పెట్టెలోంచి తీసిన పుస్తకం అది. ఏ ఓడ మీద వచ్చిందో, ఏ దేశానిదో, అందులో అక్షరాలు మా పేటలో ఎవరికీ తెలియనివి. కొమ్ములున్న ఒక నల్లటి జంతువు, దానితో ఒక కాకి. ఆ రెండూ స్నేహితులని బొమ్మలు చూస్తేనే తెలిసేది. కాకి దాని చెవిలో పిడుదులు ఏరుతుంది. ఇద్దరూ ఒకే గుంటలో నీళ్ళు తాగుతారు. ఒకసారి ఆ జంతువు బురదలో కూరుకుపోతే కాకి అరిచి అరిచి ఊరినంతా పిలుస్తుంది. చివర్లో వాన కురుస్తుంటే కాకి దాని కొమ్ము కింద తల దాచుకుంటుంది. మా నాన్నకి ఏ భాషా చదవడం రాదు. అందుకని రోజుకో కథ చొప్పున చెప్పేవాడు. ఒక్కోరోజు ఆ రెండూ అన్నదమ్ములు, ఒక్కోరోజు రేవులో కూలీలు. ఒక వానాకాలం మా గదిలోకి నీళ్ళొచ్చి పుస్తకం ముద్ద ముద్ద అయిపోయింది. నేను రెండు రోజులు అన్నం మానేశాను. బొమ్మలు మాత్రం నా బుర్రలోంచి పోలేదు.

ఆ నాలుగు బొమ్మలే వేస్తానన్నాను. సిస్టరమ్మ సంతోషంగా ఒప్పుకుంది. పిల్లల్ని కొన్నాళ్ళు పక్క వార్డులోకి మార్చారు. వెదురు పరంజా కట్టడానికి మెటియాబ్రుజ్ నుంచి ఒక మిస్త్రీ వచ్చేవాడు. ముసలి ముస్లిం, మాటకారి. పరంజా కట్టాక అతని పని అయిపోయినట్టే, అయినా టీ గ్లాసు పట్టుకుని కింద కూర్చుని సలహాలు చెప్పేవాడు. కొమ్ములు ఇంకా వంపు తిప్పు దాదా అనేవాడు, కాకికి ఆకలిగా ఉన్నట్టుంది, కాస్త లావు చెయ్యి అనేవాడు. అతను చెప్పినవన్నీ చేశాను. ఒళ్ళంతా నల్లగా, బలంగా, గోడ మీద సగానికి పైగా ఎత్తున తయారైంది జంతువు. అంత నల్ల రంగు నా ఉద్యోగంలో అంతకు ముందెప్పుడూ వాడలేదు. చివరి బొమ్మ అయిపోయిన సాయంత్రం ముగ్గురం గోడ ఎదురుగా నిలబడ్డాం. సిస్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. మిస్త్రీ మాషాల్లా అన్నాడు. నేనైతే మా నాన్న ఉండి చూస్తే బాగుణ్ణని అనుకున్నాను.

ఇద్దరు క్రైస్తవులం, ఒక ముస్లిం. ముగ్గురం కళ్ళు విప్పుకుని చూస్తూనే ఉన్నాం. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్న పిల్లల్ని వెనక్కి తెచ్చారు. పిల్లలకి పట్టలేని సంతోషం. చెయ్యి విరిగినవాడు రెండో చేత్తో కాకిని తడమడానికి మంచం మీద నిలబడ్డాడు. నేను గుమ్మంలో నిలబడి, రిటైరయ్యే ముందు ఒక మంచి పని చేశాను అనుకుంటున్నాను. ఇంతలో పిల్లల్ని చూడటానికి ఇళ్ళవాళ్ళు వచ్చే వేళ అయింది.

మొదట ఒక బెంగాలీ తల్లి వచ్చింది. గోడని చూసి గుమ్మంలోనే ఆగిపోయి, చెయ్యి నుదుటికి తాకించుకుంది. "ఎటా కీ ఎంకేఛో దాదా?" అని నన్నడిగింది, ఇదేం బొమ్మ వేశావని. నేను నవ్వుతూ, స్నేహం బొమ్మ దీదీ అన్నాను. ఆమె నవ్వలేదు. వెళ్ళి తన కొడుకు మంచాన్ని ఒక్కతే పట్టుకుని బరబరా ఈడ్చుకుంటూ అవతలి గోడకి చేర్చింది. ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక మరొకామె. చూస్తూ ఉండగానే మంచాలన్నీ అవతలి పక్కకి ఒకదాన్నొకటి రాసుకుంటూ చేరిపోయాయి. బొమ్మల గోడ పక్కన, దున్నపోతు కాళ్ళ దగ్గర, ఒక్క మంచమే మిగిలింది.

అప్పుడు తట్టింది నాకు.

యముడి వాహనం ఏమిటో తెలియదా నీకు అని మీరు అడుగుతారు. ఎందుకు తెలియదు? సినిమాల్లో యముడు దున్నపోతు మీద వస్తుంటే ఈలలు వేసినవాణ్ణే. తెలియకపోవడం వేరు, తట్టకపోవడం వేరు. నా కంటికి అది ఎప్పటికీ పుస్తకంలో జంతువే. దాని మీద ఎవరో గద పట్టుకుని కూర్చోవచ్చని నాకు ఊహలో కూడా లేదు. పైగా ఒంటరిగా కాదు, కాకితో సహా వేశాను. ఆసుపత్రిలో, పిల్లల వార్డులో.

మిగిలిన ఆ మంచం మీద ఉన్నది మన తెలుగుపిల్లే. ఏడెనిమిదేళ్ళు ఉంటాయేమో. కడుపులో నొప్పితో వచ్చింది. అపెండిక్స్ అన్నారు, మర్నాడు పొద్దున్న ఆపరేషన్ అన్నారు. తండ్రి ఇంకో రేవులో పనికి వెళ్ళాడు, తల్లి మెటియాబ్రుజ్‌లో బట్టలు కుట్టే చోట పని చేస్తుంది. పిల్లని కనిపెట్టుకుని ఉండేది నాయనమ్మ. శ్రీకాకుళం నుంచి పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చిన మనిషి. ఇంటికెళ్ళి స్నానం చేసి వచ్చిందేమో, తడి జుట్టుతో గుమ్మంలోకి వచ్చి గోడ చూసింది.

"ఏటమ్మా ఇది?" అంది సిస్టరమ్మతో, గొంతు పెంచకుండానే. "రేపు కత్తి పెడతామని సెప్పి, ఇయ్యేల యముడి దున్న కింద పడుకోబెట్టినారా నా గుంటని? దాని మీద కాకి కూడానా? పిండానికి కాకిని కూడా మీరే పిలిసేసినారేటి?"

"అయ్యో, అది స్నేహం బొమ్మ అమ్మా. ఆ రెండూ ఫ్రెండ్సు" అంది సిస్టరమ్మ.

"దున్న తీసికెల్లిపోద్ది. కాకి తిండానికొస్తాది. ఇదే కదా ఆటి స్నేగం."

అంటూనే పిల్లని భుజాన వేసుకుంది. సిస్టరమ్మ అడ్డు నిలబడింది, బతిమాలింది, చివరికి కసిరింది కూడా. ఆమె వినలేదు. పిల్ల నాయనమ్మ భుజం మీంచి బొమ్మని చూస్తూనే వెళ్ళిపోయింది.

ఆపరేషన్ చేయాల్సిన డాక్టరమ్మ బెంగాలీ, చిన్న వయసు. సంగతి విని నెత్తి కొట్టుకుంది. మందులకి నొప్పి తగ్గిందంతే, జబ్బు తగ్గలేదు, లోపల చీము పట్టి ఉంది, అది పగిలితే పిల్ల మనకి దక్కడం కష్టం అని చెప్పింది. పెద్ద డాక్టరు గారు వచ్చి గోడ చూసి, నన్ను చూసి, సాయంత్రానికల్లా సున్నం కొట్టేయాలని చెప్పి వెళ్ళిపోయారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

సిస్టరమ్మ నా దగ్గరికొచ్చింది. "బ్రదర్, నా మాట ఆవిడ వినదండి. మీరు వాళ్ళ పేటలోనే పుట్టారు, వాళ్ళ భాషే మాట్లాడతారు. బొమ్మ వేసింది కూడా మీరే. మీరు వెళ్ళి పిల్లని తీసుకురండి."

తెల్ల రంగు డబ్బా ఒకటి పట్టుకుని బస్సెక్కాను. డబ్బా ఎందుకంటే, గోడకి తెలుపు వేసేస్తున్నాను చూడు అని నమ్మించడానికి. బస్సులో జనం కాళ్ళ మధ్య డబ్బా పెట్టుకుని ప్రార్థన చేశాను. ఏం ప్రార్థించాలో తెలియక, ఆ పిల్లకి ఏమీ కాకుండా చూడు ప్రభువా, నా బొమ్మ వల్ల ఏమీ కాకుండా చూడు అని అదే మాట మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. మనసంతా పిరికిగా ఉంది.

బజారు వెనక సందు నాకు తెలిసినదే. ఒకటే గది. తలుపు తీసే ఉంది. పిల్ల చాప మీద పడుకుని ఉంది, నాయనమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది.

"అప్పా, నాను ఆస్పత్రి పెయింటర్ని" అన్నాను. మా యాసలో అప్ప అంటే అక్క.

"తెలుసు. బొమ్మలేసినోడివి నువ్వే కదా. ఎందుకొచ్చినావు? మా గోడకి కూడా ఏస్తావేటి?"

"పిల్ల కోసం వచ్చినానప్పా. ఎలా ఉందమ్మా, నొప్పుందా?"

"నేదు" అంది పిల్ల. తర్వాత నాయనమ్మతో, "మామ్మా, ఆకలేస్తంది" అంది.

"ఊరుకోయే" అంది ఆమె. పొయ్యి మీద అన్నం గిన్నె ఉంది. పక్కనే కంచం ఉంది. కంచంలో మెతుకు లేదు. ఆపరేషన్ ముందర ఏమీ పెట్టొద్దని ఆసుపత్రిలో చెప్పారు. పిల్లని ఇంటికి తెచ్చేసిన మనిషి, ఆకలి అంటున్నా అన్నం మాత్రం పెట్టలేదు. అది చూశాక నాకు కాస్త ఊపిరి ఆడింది. గుమ్మం దగ్గర కూర్చున్నాను.

"నొప్పి పోయింది తమ్ముడూ. మరింక కొయ్యడమెందుకు?" అంది ఆమె.

"పోయినట్టుంటాదంటప్పా. లోపల సీము పట్టేసిందంట. అది పగిలితే..."

ఆమె పిల్ల నుదురు తడిమింది. తర్వాత పిల్లకి వినపడకుండా అంది. "మా ఇంటాయన్ని కూడా ఇలగే సెప్పి తీసికెల్లినాను. నడిసెల్లినాడు తమ్ముడూ. మోసుకొచ్చినారు."

ఓదార్పు మాటలు చర్చిలో చాలా విన్నాను. ఒక్కటీ ఆ గదిలో పలికేటట్టు లేదు. తెచ్చిన డబ్బా ముందుకి జరిపాను.

"సాయంత్రానికి తెల్ల రంగేసేస్తానప్పా. ఆ బొమ్మ ఇంక కనపడదు."

ఆమె డబ్బా వంక చూసింది. "రంగేస్తే ఎల్లిపోతాడేటి? ఎనకాలుంటాడు. ఇప్పుడు కనిపిస్తన్నాడు. అప్పుడు కనిపించడు. ఏది బయం, నువ్వే సెప్పు."

నిజం చెప్పాలంటే, పెయింటరుగా ఆ మాట కాదనలేకపోయాను. నలుపు మీద తెలుపు ఎన్ని చేతులు వేసినా, వానాకాలం చెమ్మకి అడుగున ఉన్నది నెమ్మదిగా పైకి తేలుతుంది. మా ఆసుపత్రి మెట్ల దగ్గర నేను చెరిపేసిన బాణం గుర్తు ఏటా శ్రావణంలో మళ్ళీ కనిపిస్తుంది. ఈ దున్నపోతు కూడా అలాగే తేలుతుంది. అప్పుడు ఇంకా బాగుంటుంది.

"మరేటి సెయ్యమంటావప్పా, నువ్వే సెప్పు. గోడ బద్దలు కొట్టమంటే కొట్టేస్తాను" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "నువ్వేసింది దున్నా, గేదా?"

నేను తెల్లబోయాను. ఆ సంగతి నాకే తెలియదు. మా నాన్న కథల్లో అది ఒక్కోరోజు ఒకలా ఉండేది. "పుస్తకంలో ఎలాగుందో అలాగే ఏసినానప్పా" అన్నాను.

"పొదుగేసినావా?"

"నేదు."

"మరైతే దున్నే కదా. మా ఊర్లో పది గేదెల్ని పెంచినాం నాయనా. పొదుగు లేకుండా గేదె ఎక్కడైనా ఉంటాదేటి?" ఏదో తేల్చుకున్నట్టు లేచి నిలబడింది. "గేదెని సేసెయ్. పొదుగెయ్, దూడని ఎయ్. యముడు పాలగేదెనెక్కి వచ్చినాడని ఎవులైనా సెప్పినారేటి? పాలిచ్చే గొడ్డుని ఎవులూ ఎక్కరు. ఆ యముడైనా సరే."

అంత తిరుగులేని వాదన నా జీవితంలో వినలేదు.

"బేగి ఎల్దాం పద. కానీ నా కళ్ళ ముందర ఎయ్యాలి. అయినాకే నా గుంట మంచమెక్కుతాది."

ఆటోలో పిల్ల మా ఇద్దరి మధ్యా కూర్చుంది. కాకి దాని మీద ఎందుకెక్కింది అని నన్నడిగింది. చెవిలో పిడుదులు ఏరడానికి అన్నాను. నాయనమ్మ బయటికి చూస్తూ, "అవునే, మా ఊర్లో కూడా ఏరతాయి" అంది. ఆ ఒక్క మాటకి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

సిస్టరమ్మ మమ్మల్ని చూసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పిల్లని వెంటనే తీసుకెళ్ళి వరండాలో బల్ల మీద పడుకోబెట్టి చూడసాగింది. మిస్త్రీ అప్పటికే సగం పరంజా విప్పేశాడు. మళ్ళీ కట్టమంటే, ఏమైంది అని అడిగాడు. గేదెకి పొదుగు వేయాలి అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, ఇంకేమీ అడగకుండా తాళ్ళు బిగించడం మొదలుపెట్టాడు.

వాసన రాని నీళ్ళ రంగే వాడాను. నలుపులో కాస్త తెలుపు, కాస్త ఎరుపు కలిపి గులాబీ బూడిద రంగు తెచ్చాను. నాయనమ్మ కింద నిలబడి పని పెట్టడం మొదలుపెట్టింది.

"అంత ఎరుపు వద్దు. జొరమొచ్చిన గేదెనుకుంటారు."

తగ్గించాను.

"అదేటి, సంచీ ఏలాడుతున్నట్టుంది. కాస్త ఎనక్కి జరుపు. నాలుగు చన్నులూ కనపడాల."

ఈ మాటలకి అవతలి గోడ దగ్గర మంచాల మీద కూర్చున్న తల్లులు ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఏం జరుగుతోందని సిస్టరమ్మని అడిగితే, ఆమె బెంగాలీలో విడమరిచి చెప్పింది. పొద్దున్న మంచం ఈడ్చిన తల్లి ముందు మూతి బిగించి విన్నది. తర్వాత మెడలో గంట లేకుండా పాలిచ్చే గేదె ఎక్కడుంటుంది, గంట కట్టమను దాదాని అంది. ఇంకొకామె పాలు పితికే బాల్చీ కావాలంది. మెడకి పలుపు వేయి, కట్టేసి ఉంటే మంచిది అని మరొకామె. పొద్దున్న ఆ జంతువు మొహం చూడటానికి భయపడినవాళ్ళంతా సాయంత్రానికి దాన్ని పెంచుకోవడంలో పడ్డారు.

చిక్కు మూడో బొమ్మ దగ్గర వచ్చింది. అందులో జంతువు నడుం దాకా బురదలో ఉంది.

"దీనికి పొదుగు కనపడదప్పా, బురదలో ఉంది" అన్నాను.

"కనపడకపోతే దున్నే."

ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. చివరికి గట్టు మీద చిన్న దూడని వేశాను. తల్లి వంక మెడ చాచి చూస్తున్నట్టు. కాకి ఒకవైపు అరుస్తోంది, దూడ ఒకవైపు. ఆ బొమ్మ చూసి నేనే కాసేపు కుంచె ఆపాను. నా పుస్తకంలో లేని దూడ అది. కాని అది ఉంటేనే కథ సరిగ్గా ఉందనిపించింది.

ఇక కాకి మిగిలింది. పొద్దున్న అది పిండం తినడానికి వచ్చిందన్న నాయనమ్మ ఏమంటుందోనని నేను తెల్ల రంగులో కుంచె ముంచి పట్టుకున్నాను. దాన్ని కొంగని చేసేద్దామని. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"కాకినుండనీ. కాకి అరిస్తే సుట్టాలొస్తారు. ఆస్పత్రిలో పడున్న పిల్లలకి సుట్టాలు రావద్దేటి?"

సిస్టరమ్మ నవ్వు దాచుకోవడానికి అటు తిరిగింది. నేను నవ్వే స్థితిలో లేను. కాకి బతికినందుకు మాత్రం సంతోషించాను.

పెద్ద డాక్టరు గారు సాయంత్రం సున్నం సంగతి చూడటానికి వచ్చారు. సిస్టరమ్మ ఆయనకి ఎదురెళ్ళి, సార్, నేను జవాబు చెప్పుకుంటాను అంది. ఆయన గోడ మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా నడిచారు. పొదుగు చూశారు, గంట చూశారు, బాల్చీ చూశారు. దూడ దగ్గర ఆగారు. "మోషేర్ బాచ్చా హొయేఛే దేఖ్‌ఛి" అన్నారు, గేదె ఈనినట్టుందే అని. అంతే. రౌండ్సుకి వెళ్ళిపోయారు. సున్నం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రంగు ఆరిందో లేదో వేలితో తాకి చూసుకుని, నాయనమ్మ తానే పిల్లని ఎత్తుకొచ్చి ఆ మంచం మీద పడుకోబెట్టింది. అవతలి గోడకి చేరిన మంచాలు కూడా ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి.

కుర్రాళ్ళూ, నేను మీకు నీతులు చెప్పేంతవాణ్ణి కాను. ఒక్క మాట మాత్రం చెబుతాను. మీరూ ఏదో ఒక పని చేస్తారు, ఎవరి కోసమో చేస్తారు. చేసేటప్పుడు మీ పక్కన నిలబడి బాగుంది బాగుంది అనేవాళ్ళు మీలాంటివాళ్ళే అయితే, ఇంకెవరినైనా పిలిచి చూపించండి. బొమ్మ పూర్తి కాకముందే వార్డు ఊడ్చే మనిషిని పిలిచి అడిగినా, ఆమె చెప్పేసి ఉండేది. మేం ముగ్గురం ఒకర్నొకరు మెచ్చుకుంటూ కూర్చున్నాం.

మర్నాడు నాకు డ్యూటీ రెండో అంతస్తులో. వెళ్ళలేదు. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. పిల్ల తల్లి పనికి సెలవు పెట్టి వచ్చింది, తలుపుకి ఎదురుగా నిలబడే ఉంది. నాయనమ్మ నా పక్కన కూర్చుంది. యముణ్ణి నేను నమ్మను. కాని ఆ రోజు, ఆ తలుపు వెనక ఏమైనా జరిగితే, జీవితాంతం ఎవరెన్ని చెప్పినా అది నా దున్నపోతు పనే అని నాకనిపిస్తుందని తెలుసు.

తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. మాస్కు కిందికి లాగి, "భాలో ఆఛే, ఏక్‌దోమ్ భాలో ఆఛే" అంది. బాగుంది, చాలా బాగుంది. లోపల బాగా వాచి ఉందట. నిన్న సాయంత్రం వెనక్కి తేకపోయి ఉంటే ఈపాటికి పగిలి ఉండేదట. పిల్ల తల్లి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మొహం దాచుకోకుండానే.

నాయనమ్మ ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది. కాసేపటికి నేను అన్నాను. "నువ్వు సెప్పినట్టే అయిందప్పా. పాలగేదెనెక్కి ఆడు రాలేదు."

ఆమె నా వంక వింతగా చూసింది. "ఆడు దేనెక్కి వస్తాడో ఎవులు సూసినారు తమ్ముడూ? మా ఇంటాయన కాడికి దేనెక్కి వచ్చినాడో నాను సూసినానా?" నా వైపు జరిగి, గొంతు తగ్గించింది. "ఇంటికి తీసికెల్లిపోయినాను గానీ, దారిలోనే బయమేసింది నాకు. ఎనక్కి తేవాలని అప్పుడే అనుకున్నాను. అందరి ముందరా అంత మాటని ఎల్లిపోయినదాన్ని, ఏ మొకం పెట్టుకుని రాను? అంతలో నువ్వు డబ్బా అట్టుకుని వచ్చినావు."

అంటే పొదుగూ, చన్నులూ, గంటా, బాల్చీ, దూడా, అన్నీ ఆ గుమ్మం మళ్ళీ దాటడానికే.

పిల్లని వార్డులోకి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. ఇంకా మత్తులో ఉంది, ఊపిరి నిదానంగా ఆడుతోంది. నాయనమ్మ మంచానికీ గోడకీ మధ్య నేల మీద కూర్చుంది. పిల్ల చెయ్యి పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత వెనక్కి వాలింది. రెండు రోజులుగా కన్ను మూయలేదేమో, గేదె కాళ్ళ దగ్గర గోడకి తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. సిస్టరమ్మ వచ్చి లేపబోతే, నేను వద్దని సైగ చేశాను.